కాగితం తెచ్చినవాడే సమోసాలు కొనాలి

నాచారం చూసొచ్చానంటే మా విశాఖపట్నంలో ఎవరూ నమ్మలేదు. హైదరాబాదు వెళ్ళినవాళ్ళు చార్మినారు గురించి చెబుతారు, గోల్కొండ గురించి చెబుతారు, ఇంటికి గాజులు తెస్తారు. నేను ఉప్పల్ కూడలి, నాచారం పారిశ్రామికవాడ, అన్నోజిగూడ రోడ్డు చూసి, చొక్కా మీద నూనె మరకలతో తిరిగొచ్చాను. అయినా ఇప్పటిదాకా చేసిన ప్రయాణాల్లో నాకు మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చేది ఇదే.

మాది నీళ్ళ పంపులు తయారుచేసే ఫ్యాక్టరీ. కొనుగోళ్ళు, స్టోర్సు, తయారీ, అమ్మకాలు అన్నిటి లెక్కా ఒకేచోట ఉండాలని కొన్నేళ్ళ కిందట ఒక ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ కొన్నాం. దాన్ని చూసుకునేది నేనే, దాని మీద ఫిర్యాదులు చేసేదీ నేనే. పాతది, నెమ్మది, కావలసిన వసతులు లేవు, కొత్తది కొందామని ఏడాదిగా మా ఎండీగారి చెవిలో పోరుతున్నాను. ఆ ఏడాదంతా గ్రైండింగ్ షెడ్డు మేస్త్రి అప్పలరాజు వేరే ఒకటి అడుగుతున్నాడు. పోతపోసిన ఇనుప భాగాల అంచులు రుద్ది నున్నచేసే చోటది. అక్కడి దుమ్మును పీల్చి బయటికి తోసే యంత్రం కావాలని అతని కోరిక. అతనూ అతని మనుషులూ ముఖాలకు తడిగుడ్డలు కట్టుకొని పనిచేస్తారు, సాయంత్రం దగ్గుకుంటూ ఇళ్ళకి పోతారు.

డబ్బు రెండింటిలో ఒకదానికే ఉంది. ఎండీగారు నన్ను పిలిచి, "నాచారంలో వాల్వులు చేసేవాళ్ళు ఒకళ్ళున్నారు. వాళ్ళదీ మన సాఫ్ట్‌వేరేనట, సుఖంగానే ఉన్నారట. వెళ్ళి చూసిరా మూర్తీ. సోమవారం నాకు ఒక్క మాట చెప్పు. కొత్తది కావాలంటే కొనేస్తాను. అప్పలరాజు యంత్రం సంగతి వచ్చే ఏడు చూద్దాం" అన్నారు.

గేటు దగ్గర అప్పలరాజు ఎదురయ్యాడు. విషయం అప్పటికే అతనికి తెలిసిపోయింది. "మా సంగతి కూడా కాస్త మనసులో ఎట్టుకోండి బాబూ" అన్నాడు. అలాగే అన్నాను. అన్నాను గానీ, నా జేబులో ఉన్నది పాత సాఫ్ట్‌వేర్ లోపాల జాబితా. నేను చూడ్డానికి వెళ్ళలేదు, నా మాటే నిజమని తేల్చుకోవడానికి వెళ్ళాను.

ఉప్పల్

లాడ్జిలో సంచి పడేసి, కూడలి దగ్గర ఇరానీ హోటల్లో కూర్చున్నాను. మా ఊళ్ళో టీ అంటే గాజుగ్లాసు, నిలబడి నాలుగు గుక్కలు, అయిపోయింది. ఇక్కడ కప్పూ సాసరూ ముందు పెట్టుకొని పేపరంతా చదివినా లేవమనేవాళ్ళు లేరు. చాయ్ ఎనిమిది రూపాయలు. ఖరీదు ఎక్కువే అనుకున్నాను గానీ, కుర్చీ అద్దె కూడా అందులోనే ఉందని తర్వాత అర్థమైంది. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి చాయ్‌ని సాసర్లో పోసుకొని, బిస్కెట్టు ముంచి, నా వైపు చూసి "అట్ల గాదు, ముంచుండ్రి, ముంచి తినుండ్రి" అని నేర్పాడు. ముంచాను. బిస్కెట్టు సగం విరిగి కప్పులో మునిగిపోయింది. ఆయన తన చెంచా నాకిచ్చాడు.

నాచారం వెళ్ళే ఆటో డ్రైవరు ఊరూ పేరూ అడిగాడు.

"విశాఖపట్నం."

"అరె! సముద్రం ఇడిసిపెట్టి నాచారం సూడనీకొచ్చిన్రా? మా నాచారంల ఏముంటది సార్? గేట్లుంటయి, పొగుంటది, పొద్దుగాల సైరనుంటది."

"పనిమీద వచ్చానయ్యా."

"గట్లనా. మరి నారపల్లి దిక్కు జాగ ఏమన్న సూస్తరా? మా బామ్మర్ది సూపిస్తడు. ఇప్పుడు తీస్కుంటేనే మోక, మల్ల దొరకది."

నేను కలిసిన ప్రతివాళ్ళకూ నారపల్లి దిక్కున జాగా చూపించే బంధువు ఒకడున్నాడు. దిగేలోపు డ్రైవరు తన నంబరు, బామ్మర్ది నంబరు రెండూ నా ఫోన్లో ఎక్కించాడు. ఆ కాసేపట్లోనే ఆ ఫోను మూడుసార్లు మోగింది. మూడుసార్లూ చేసింది మా స్టోర్సులో పనిచేసే శ్రీను. ఫలానా పోత భాగాలు ఎన్నున్నాయి సార్, ఫలానా సీళ్ళు ఎప్పుడొస్తాయి సార్ అని. జ్ఞాపకం ఉన్నంతవరకు చెప్పాను.

"పెద్ద సారున్నట్టున్నరు. ఫోన్ బందే గాదు" అన్నాడు డ్రైవరు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు బాగానే అనిపించింది.

నాచారం, మీటింగు గది

ఫ్యాక్టరీలో నన్ను చూసుకోమని ప్లానింగ్ చూసే స్వరూపగారికి అప్పగించారు. జనగామ వైపు ఆవిడ, గట్టిగా నవ్వుతుంది, వేగంగా నడుస్తుంది. ఉదయం మీటింగులో నన్ను కూడా కూర్చోమంది. గోడ మీద పెద్ద తెర. దాని మీద మా ఆఫీసులో ఉన్న అదే నీలిరంగు పేజీ, అదే నత్తనడక. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పోయేలోపు ఒకాయన ఆవలించాడు కూడా. లోలోపల సంతోషించాను.

"మీ దిక్కు ఎట్లున్నది సార్?" అని స్వరూపగారు అడగ్గానే జేబులోంచి నా జాబితా తీసి విప్పాను. అందరి కళ్ళూ ఆ కాగితం మీదికి తిరిగాయి. తర్వాత ఎవరో బల్ల చరిచారు. ఆపైన అందరూ చరిచారు.

"సమోస! సమోస!"

తెల్లబోయి చూస్తుంటే స్టోర్సు ఇంఛార్జి నర్సింగన్న చేయి ఊపి అరుపులు ఆపాడు. నెత్తిన జుట్టు తక్కువ, మాట ఎక్కువ ఉన్న మనిషి. "సుట్టమైనా గంతే సార్. ఈ రూముల కాయిదం తీసినోళ్ళు సమోసలు తెప్పియ్యాలె. మా జీఎం సారు గూడ తెప్పిచ్చిండు."

తెప్పించాను. చిన్న ఉల్లిపాయ సమోసాలు, కాగితమంత పల్చటి పొర, కొరికితే కరకరమంటాయి. మా వైపు బంగాళాదుంపతో చేసే లావుపాటి వాటికీ వీటికీ పేరొక్కటే పోలిక. నా డబ్బుతో కొన్నవైనా నాకు దక్కినవి రెండే.

తింటూ స్వరూపగారు ఆ ఆచారం పుట్టుక చెప్పింది. "ముంగట ఈడ ఎవ్వరి కాయిదం వాళ్ళకే ఉండె సార్. అమ్మేటోళ్ళది ఒక ఎక్సెల్ షీటు, స్టోర్సుది ఇంకొకటి, తయారీది మరొకటి. పొద్దుమాపు ఎవరి కాయిదం కరెక్టో అనే పంచాయితే. సాఫ్ట్‌వేరును ఎవ్వరు సూడకపోయేది. గప్పుడు ఈ రూలు పెట్టినం. మొదట్ల సమోసలు తిని తిని అందరి కడుపులు కరాబైనయి."

"మరి తెర మీది లెక్క తప్పయితే?"

"తప్పే ఉండె! మస్తు తప్పుండె. కని అందరికి కనపడ్డది గద. కనపడ్డ తప్పును ఎవరో ఒకరు దిద్దుతరు. కాయిదం మీది తప్పు జేబులనే పండుకుంటది."

నా జాబితాను మడిచి జేబులోనే పడుకోబెట్టాను.

ఆ తర్వాత ఆవిడ ఒక పేజీ తెరిచింది. వచ్చిన ఆర్డర్లు, స్టోర్సులో ఉన్న సరుకు రెండూ చూసుకొని, ఏది ఎప్పటికి ఎంత కొనాలో సాఫ్ట్‌వేరే చెబుతోంది. నా జాబితాలో మొదటి లోపమే ఈ వసతి లేకపోవడం. ఆ సంగతి ఎండీగారికి నేనే చెప్పాను, గట్టిగానే చెప్పాను.

"ఇది మాకివ్వలేదండీ" అన్నాను.

"ఇయ్యకుంటెట్ల? గదే వెర్షను గద సార్. ఉంటది, సూడుండ్రి."

శ్రీనుకి ఫోన్ చేసి, కొనుగోళ్ళ పేజీలో కింద ఏముందో చదవమన్నాను. కాసేపటికి, "ఉందండి సార్. గానీ నొక్కితే అవ్వట్లేదు. బూడిద రంగులో ఉంది" అన్నాడు.

బూడిద రంగంటే తెరిచే అనుమతి ఇవ్వలేదని అర్థం. ఆ అనుమతి ఇచ్చేది మా ఫ్యాక్టరీలో నేనొక్కణ్ణే. లేదని చెప్పేముందు ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. స్వరూపగారు నా ముఖం చూస్తూ జవాబు కోసం ఆగింది. "తర్వాత చూస్తాం" అని శ్రీను ఫోను పెట్టేశాను. ఆవిడతో, "అక్కడ కరెంటు పోయిందట" అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

నాచారం, స్టోర్సు

మర్నాడు మధ్యాహ్నం అన్నం డబ్బాలన్నీ విప్పి నడుమ పెట్టి తిన్నారు. మా దగ్గర ఆఫీసర్లది వేరే గది. ఇక్కడ ఎవరి డబ్బాలో ఎవరి చెయ్యో తెలియదు. పచ్చిపులుసు మొదటిసారి తాగాను. వండకుండా పులుసేమిటని అడిగితే, "వండితే గది పచ్చిపులుసెట్లయితది సార్" అని నవ్వారు. సర్వపిండి ముక్క ఒకటి నా దోసిట్లో పెట్టారు. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, కారం. మా ఊరి దిబ్బరొట్టెకి మొండితనం వస్తే ఇలా ఉంటుందనిపించింది.

భోజనం కాగానే స్టోర్సులో కొన్ని అరలు లెక్కపెట్టడం రోజూ జరిగే పని. నర్సింగన్నతో పాటు వేరే విభాగం మనిషి ఒకరు ఉండాలి. ఉన్నది, తెర మీద చూపేది ఒకటేనో కాదో అప్పటికప్పుడు చూస్తారు. మేమైతే ఏడాదికోసారి రెండు రోజులు ఫ్యాక్టరీ మూసి లెక్కపెడతాం. తేడా వస్తే, అది ఎప్పుడు వచ్చిందో ఎవరికీ గుర్తుండదు.

ఆరోజు వేరే విభాగం మనిషి నేనే. వాషర్ల పెట్టె నా ముందు పెట్టారు. లెక్క మధ్యలో శ్రీను ఫోను. మాట్లాడి వచ్చేసరికి ఎక్కడున్నానో మరిచిపోయాను. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ ఫోను. మూడోసారి పెట్టె వంచబోతే తుప్పు పట్టకుండా వేసిన నూనె నా చొక్కా మీదికి ఒలికింది.

నర్సింగన్న రంపపు పొట్టు తెచ్చి నా చేతుల్లో పోసి రుద్దుకోమన్నాడు. "జర నిమ్మళంగ, సార్. గీ వైసర్లు మాకు మస్తు సతాయిచ్చినయి. నేను వైసరంట, మేడం వాషరంటది, కొనేటాయన రింగని ఎక్కిచ్చిండు. కంప్యూటర్ల మూడు సరుకులు, అర మీద ఒక్కటే. ఒకపాలి లేవని కొన్నం. మూల సూస్తె గోనెసంచులల్ల ఉన్నయి!"

"మరేం చేశారు?"

"ఏం జేస్తం? కూసోని ఒక్కొక్క సరుక్కు ఒక్కటే పేరు వెట్టినం. పెండ్లి సంబంధాలు గూడ గంత కొట్లాట లేకుంటనే ఖాయమైతయి!"

వాళ్ళదేమీ స్వర్గం కాదు. ఆ సాయంత్రమే తెర గడ్డకట్టి కదల్లేదు. అందరూ చాయ్‌కి వెళ్ళారు. అమ్మకాల కుర్రకారు కొందరు ఇప్పటికీ ఫోన్లో దొంగ లెక్క పెట్టుకుంటారని స్వరూపగారు గొణిగింది. ఉన్నదాంతో గొడవపడుతూనే, ఉన్నదాన్ని వాడుకుంటున్నారు. నేను గొడవ మాత్రమే పడ్డాను.

మళ్ళీ ఉప్పల్, బంద్ రోజు

మూడోరోజు ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్. రోడ్డు మీద ఆటో లేదు, హోటల్ షట్టరు సగం దించి లోపల ఉప్మా పెడుతున్నారు. నా యాస విని ఎవరేమంటారోనని చేత్తో చూపించి అడుగుతున్నాను. ఇంతలో నర్సింగన్న వెతుక్కుంటూ వచ్చాడు. అతని ఇల్లు దగ్గరే. "మూగోని లెక్క సైగలేంది సార్? భయపడుతున్నరా?"

"కొంచెం."

"కొట్లాట రాష్ట్రం గురించి. అన్నం గురించి గాదు. నడువుండ్రి, మా ఇంటిది బగార వండింది."

బిర్యానీకి తమ్ముడిలాంటి అన్నం, కోడికూర. మిరియాలో మిరపకాయలో తెలియదు గానీ కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. నర్సింగన్న భార్య "ఇంకింత ఎయ్యనా అన్నా?" అని అడిగి, జవాబు వినకుండా వడ్డించింది.

చేయి కూరలో ఉండగా ఫోను. శ్రీను. లారీ వచ్చి నిలబడింది, పంపులతో పాటు పంపే విడిభాగాల లెక్క నా ఎక్సెల్ ఫైలులో ఉంది, ఫైలుకి తాళం ఉంది.

"పాస్‌వర్డు సెప్తే సూసీసి ఎక్కించేత్తాం సార్."

చెప్పడానికి ఒక్క క్షణం పడుతుంది. "వద్దు. మీరు కెలికితే పాడవుతుంది. నేనొచ్చాక చూస్తాను. సగం పంపించు" అన్నాను. లారీ సగం సరుకుతో వెళ్ళిపోయింది.

నర్సింగన్న ముక్క కొరుకుతూ, "ఏంది సార్, మీరు లేకుంటే ఆడ అన్నం గూడ ఉడుకదా?" అన్నాడు. అతని భార్య కసిరింది. నేను నవ్వాను.

ఆ మధ్యాహ్నం లాడ్జి గదిలో పడుకుంటే ఆ నవ్వు నన్ను వదల్లేదు. శ్రీను కెలికితే పాడయ్యేది అందులో ఏమీ లేదు. ఫైలుకి తాళం వేసింది లెక్క కోసం కాదు. పొద్దున్నే నా బల్ల చుట్టూ నలుగురు చేరి "మూర్తిగారూ, ఎంతుంది?" అని అడగడం నాకిష్టం. ఆ ఇష్టం కోసం సాఫ్ట్‌వేర్‌ను పనికిరానిదిగా ఉంచాను. కొత్తది కొన్నా దాన్నీ అలాగే ఉంచుతాను. అప్పలరాజు దుమ్ము మింగుతున్నది నా తాళం వల్లే.

అన్నోజిగూడ

చివరిరోజు స్వరూపగారు కంపెనీ జీపులో వరంగల్ రోడ్డు మీదుగా తీసుకెళ్ళింది. నారపల్లి దగ్గర పొలాల్లో పంటకి బదులు తెల్లరంగు రాళ్ళు వరసగా నాటారు. ఇళ్ళు లేవు గానీ పెద్ద ఆర్చీలు లేచాయి. నా ఆటో డ్రైవరు బామ్మర్ది ఎక్కడో ఇక్కడే ఉంటాడు.

అన్నోజిగూడలో యాదగిరి అనే ఆయనకి లేతు మిషన్ల షెడ్డు ఉంది. నాచారం వాళ్ళకి చిన్న భాగాలు చేసి ఇస్తాడు. మమ్మల్ని చూసి మిషను ఆపి, స్టూలు తుడిచి వేశాడు.

"ముంగట వీళ్ళతోని నాకు నిద్ర లేకుండె సార్" అన్నాడు స్వరూపగారిని చూపించి. "పండుగ లేదు, సావు లేదు. అర్జంటు యాదగిరీ, అర్జంటు! గిప్పుడు వచ్చే వారం ఏం గావాల్నో ముందే కంప్యూటర్ల కెల్లి వస్తది. మొన్న బిడ్డ పుట్టెంటికలకు గుట్ట మీద గుడికి పోయినం. ఆడనే పండుకున్నం. ఫోను మోగనే లేదు."

"హాయిగా ఉందా?"

"మొదట్ల మనసుకు మంచిగనిపియ్యలే సార్. నన్ను మర్సిన్రేమో అనుకున్న. తీసి తీసి సూసుకున్న, చార్జింగున్నదా లేదా అని. తర్వాత తెలిసింది, పని నడుస్తుంటే ఫోనెందుకు జేస్తరు?"

స్వరూపగారు "నిన్ను మరుస్తమా అన్నా, బిల్లు దప్పు వెడ్తవు గద నెల నెలా" అంది. ఇద్దరూ పకపకా నవ్వారు.

నేను షెడ్డు బయటికొచ్చి, లారీల హోరులో శ్రీనుకి ఫోన్ చేశాను. ఈసారి చేసింది నేను.

"శ్రీనూ, పాస్‌వర్డు రాసుకో."

"మీ పేరే కదండి సార్? ఎనక ఒకటీ రెండూ మూడూ."

"నీకెలా తెలుసు?"

"ఎప్పుడో తెలిసిపోయిందండి. స్టోర్సులో అందరికీ తెలుసు."

"మరి నిన్న లారీకి ఎందుకు తెరవలేదు?"

"మీరొద్దన్నారు కదండి. తెరిస్తే మీరు బాధపడతారని..."

నా ముందు నుంచి లారీలు పోతూనే ఉన్నాయి. "ఆ ఫైలులో ఉన్నదంతా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టు. ఆ బూడిద రంగు పేజీని నేను రాగానే తెరిచి ఇస్తాను" అని చెప్పాను.

లోపలికి వెళ్ళి స్వరూపగారితో, "మొన్న కరెంటు పోలేదండీ" అన్నాను.

"తెలుసు సార్. ఫోన్ల ఫ్యాను సప్పుడు ఇనొచ్చింది" అంది ఆవిడ.

ఇంటి దగ్గర

సోమవారం ఎండీగారు ఒక్క మాట అడిగారు. "పాతదే చాలండి" అన్నాను.

"ఆ కొనుగోళ్ళ వసతి లేదన్నావు?"

"ఉంది. నేను తెరిచి చూడలేదు."

ఆయన కోపం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు బల్ల మీద పేపర్‌వెయిట్ తిప్పారు. తిట్టారు. తిట్టిన తిట్లన్నీ న్యాయమైనవే. తర్వాత దుమ్ము యంత్రం కొటేషన్లు తెప్పించమన్నారు.

మా మీటింగు గదిలో ఇప్పుడు తెర ఉంది. కాగితం తెచ్చినవాళ్ళు మిరపకాయ బజ్జీలు కొనాలి. మొదటివారం ఎక్కువసార్లు కొన్నది నేనే, నా చెయ్యి ఊరికే జేబులోకి పోతుంది. శ్రీను, నేను, కొనుగోళ్ళ ఆయన కూర్చొని సరుకులకు పేర్లు పెట్టాం. నర్సింగన్న చెప్పినట్టే కొట్టుకున్నాం.

యంత్రం బిగించిన రోజు గ్రైండింగ్ షెడ్డుకి వెళ్ళాను. పెద్ద గొట్టం గోడలోంచి బయటికి పోయింది. మీట నొక్కగానే దుమ్మంతా ఆ గొట్టం వైపు తిరిగింది. అక్కడ చాలాసేపు నిలబడ్డాను. జేబులో ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. తీసి చార్జింగు చూసుకున్నాను, ఉంది. యాదగిరి గుర్తొచ్చాడు.

అప్పలరాజు సానరాయి చక్రం ఆపి ముఖానికి కట్టిన గుడ్డ విప్పాడు. పని వేళలో అతని ముఖం పూర్తిగా చూడడం నాకు అదే మొదలు. మీసం నిండా బూడిద రంగు.

"మీసానికి దుమ్ము అలాగే ఉందయ్యా, తుడుచుకో" అన్నాను నవ్వుతూ.

అతను మర్యాద కోసం చేత్తో ఒకసారి తుడుచుకున్నాడు. రంగు అలాగే ఉంది. "అది దుమ్ము కాదు బాబూ" అన్నాడు. "రండి, టీ తాగుదాం."